నిమ్మలంగుందన్న మాట

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. నిజానికి మా ఇంట్లో వాళ్లకు ఇష్టం కూడా లేదు. "అయిపోయినదాన్ని మల్ల తవ్వుకునుడెందుకు" అని మా ఆయన రెండుసార్లు అన్నాడు. అయిపోయిందా? ఎక్కడ అయిపోయింది? ఇది రాస్తున్న ఇప్పుడు కూడా పక్క గదిలో మా అత్త నా బిడ్డకు జావ తాగిస్తూ, మింగు తల్లీ, ఇంకొక్క గుటక మింగు అంటున్న మాట నాకు వినిపిస్తూనే ఉంది. ప్రాణభయం తప్పింది, అంతే. దాన్నే అందరూ గండం గడిచింది అంటారు.

అయినా రాస్తున్నాను. లోపల పెట్టుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. పైగా పిల్లను దవాఖానలో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్న తల్లి ఎవరైనా చదివితే, నా కోపంలో కొంచెం ఆమెకు అందుతుందేమోనని ఆశ. ఓపిక పట్టమని చెప్పేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ల మాట నేను విన్నాను. ఓపిక వల్ల నాకు ఏం ఒరిగిందో చెబుతాను.

2012, శ్రావణం

మాది శంషాబాద్ దాటాక, విమానాశ్రయం గోడకు ఆనుకున్నట్టుండే ఊరు. పొలాలు గోడ లోపల పడ్డాయి, ఇళ్లు బయట మిగిలాయి. మా ఆయన నర్సింలు విమానాశ్రయంలో పనిచేసేవాళ్లను ఎక్కించుకుని తెచ్చి దింపే బస్సు నడుపుతాడు. నేను శంషాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా అత్త మల్లమ్మ ఇంటి దగ్గర ఉండి పిల్లను చూసుకునేది. మాకు ఒక్కతే బిడ్డ, కీర్తన. అప్పటికి దానికి ఐదేళ్లు.

విమానాలు మా ఇంటి మీదుగానే దిగుతాయి. మా అత్తకు ఆ చప్పుడు పడదు. విమానం వస్తే చాలు, చేస్తున్న పని వదిలేసి రెండు చెవులూ మూసుకునేది. చేతుల నిండా పిండి ఉంటే మూసుకోలేక దాన్ని నడిపేవాడిని తిట్టేది. అది చూసి చూసి కీర్తన ఒక అలవాటు నేర్చుకుంది. చప్పుడు దూరంగా ఉండగానే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, నానమ్మ చెవుల మీద తన రెండు అరచేతులూ పెట్టి అదిమేది. అన్నం తింటుంటే మెతుకుల చేతులతోనే పెట్టేది. "ఓ పోరీ, నా చెవులల్ల పప్పు వోస్తున్నవ్" అని మా అత్త అరిచేది గానీ, విమానం పోయేదాకా తల కదిలించేది కాదు. నిద్రలో కూడా అంతే. పక్కన పడుకున్న నానమ్మ చెవి కోసం దాని చేతులు తడుముకునేవి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అత్తింట్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, ఎట్లుంది అని ఎవరు అడిగినా, "నిమ్మలంగుంది", అంటే నెమ్మదిగా బాగానే ఉంది, అనే చెప్పాలి. మంచిగ లేదు అన్న మాట రోగి మంచం దగ్గర నోట రాకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట, అన్నది అన్నట్టు చేసేస్తారట. మా మామ ఆఖరి ఊపిరి తీస్తున్నప్పుడు కూడా, గడపలో నిలబడి అడిగినవాళ్లకు మా అత్త "నిమ్మలంగున్నడు" అనే చెప్పింది. వాళ్లు చెప్పులేసుకుని గల్లీ చివరికి చేరేలోపు ఏడుపులు వినబడి వెనక్కి తిరిగొచ్చారు. ఊళ్లో ఇప్పటికీ ఆ ముచ్చట నవ్వుతూ చెప్పుకుంటారు. పెళ్లైన కొత్తలో నేనూ నవ్వాను. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది సుజాతా" అని మా అత్త నాకు నేర్పింది. కోడలు నేర్చుకోక ఏం చేస్తుంది? నేనూ అలాగే చెప్పడం మొదలుపెట్టాను.

ఆ శ్రావణంలో ఊరంతా జ్వరాలు. కీర్తనకు కూడా వచ్చింది. మందుల షాపు గోలీలకు తగ్గలేదు, శంషాబాద్‌లో హైవే పక్కన ఉన్న ఒక పిల్లల నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. దాని పేరు చెప్పను. పేరుతో పని లేదు, అలాంటివి ఆ రోడ్డు పొడుగునా ఉన్నాయి. అక్కడి డాక్టరు చెడ్డవాడు కాదు, సిస్టర్లు చెడ్డవాళ్లు కాదు. డెంగీ అన్నారు, సెలైన్ పెట్టారు.

మొదటి రోజులన్నీ యుద్ధమే. కీర్తన సూది చూస్తే గోడెక్కేది. సెలైన్ గొట్టం పీకేసింది. సిస్టర్ చేయి కొరికింది. ఆ సిస్టర్ది బెజవాడ వైపు ఊరు, ఓర్పు మనిషి. "అమ్మో, మీ పాప పులిపిల్లండీ" అంటూ నవ్వుతూనే చేయి కడుక్కుంది. నేను సిగ్గుపడి సారీ సారీ అంటుంటే, మా అత్త మాత్రం మనవరాలి పళ్లు ఎంత గట్టివో చూశావా అన్నట్టు నావైపు చూసింది. పక్క మంచం మీద షాహీన్ అనే ఆమె తన చిన్న కూతురిని పెట్టుకుని ఉండేది. వాళ్లు శంషాబాద్ వాళ్లే, ఆమె భర్తది మెకానిక్ పని. ఆమె ఫ్లాస్కులో చాయ తెచ్చుకుంటే అందులో సగం నాది. అటూ ఇటూ పోతూ చద్దరు కింద చేయి పెట్టి కీర్తన పాదాలకు చక్కిలిగిలి పెట్టేది. కీర్తన ఆమెను ఎగిరి తన్నేది. "నీ బిడ్డ ఫుట్‌బాల్ ఆడతది చూడు" అనేది షాహీన్.

అంత జ్వరంలో కూడా, విమానం చప్పుడు వస్తే చాలు, సెలైన్ లేని చేయి ఒక్కటైనా నానమ్మ చెవి మీదికి పోయేది.

జ్వరం తగ్గిన రోజు

ఆ పొద్దున ఒళ్లు చల్లబడింది. చేయి పెట్టి చూసి నాకు ఏడుపు వచ్చినంత పనైంది. డాక్టరు రౌండ్లకు వచ్చి, జ్వరం లేదమ్మా, ఈ రోజు చూసి రేపు పంపిద్దాం అన్నాడు. మా ఆయనకు ఫోన్ చేశాను. మా అత్త ఇంటి నుంచి అన్నం, చారు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి వచ్చింది. రాగానే బిడ్డ మెడ కింద చేయి పెట్టి చూసి, రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టింది.

కీర్తన అన్నం తినలేదు. కడుపు నొస్తుంది అని ఒక్కసారి అంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ బెజవాడ సిస్టర్ వచ్చి సూది మార్చినా చేయి లాక్కోలేదు. "చూశారా, ఎంత బుద్ధిమంతురాలు అయిపోయిందో" అంది సిస్టర్. అందరం నవ్వాం. ఆ నవ్వులో నాదీ ఉంది.

కాసేపటికి విమానం వచ్చింది. మా అత్త స్టూలు మీద కూర్చుని ఉంది. అలవాటు ప్రకారం తల మంచం మీదికి వంచింది. కీర్తన చేతులు రాలేదు. విమానం పోయింది. మా అత్త కొంచెంసేపు అలాగే వంగి ఉండి, మెల్లగా లేచి కూర్చుంది. నేను చూశానని ఆమెకు తెలుసు.

"అత్తా, పోరి చెవులు మూయలే" అన్నాను.

"పండుకున్నది. పండుకున్నదాన్ని లేపకు."

"పండుకోలే. కండ్లు తెరిచే ఉన్నయి సూడు."

"జర నోరు మూసుకో సుజాతా. దవాఖాన మంచం కాడ గవేం మాటలు."

ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. తర్వాత ఎప్పుడో అర్థమైంది నాకు. ఆమె కూడా చూసింది. చూసింది కాబట్టే నన్ను మాట్లాడనివ్వలేదు.

సిస్టర్ రౌండ్లకు వచ్చింది. వాళ్ల పద్ధతి ఏమిటంటే, మంచం దగ్గర ఉన్నవాళ్లలో పెద్దవాళ్లను అడుగుతారు. "ఎలా ఉందండీ పాపకి?" అంది మా అత్తను చూసి.

"నిమ్మలంగుంది బిడ్డా."

సిస్టర్ థర్మామీటర్ పెట్టి చూసింది. జ్వరం లేదు. తల ఊపి కదలబోయింది. నేను లేచి నిలబడ్డాను.

"సిస్టర్, ఇది ఎప్పటి లెక్క లేదు."

"అంటే ఏమైందమ్మా? వాంతులయ్యాయా?"

"కాలే."

"ఫిట్స్ లాంటిది ఏమైనా వచ్చిందా?"

"రాలే."

"మరి ఏమిటమ్మా?"

ఏమని చెప్పను? నా దగ్గర ఉన్నది ఒక్కటే మాట. "విమానం పోతే వాళ్ల నానమ్మ చెవులు మూస్తది. నిద్రల గూడ మూస్తది. ఇయ్యాల మూయలే" అన్నాను. చెబుతుంటేనే నాకు అదొక పిచ్చి మాటలా వినిపించింది.

సిస్టర్ నన్ను చూసి, మా అత్తను చూసింది. "నీరసంగా ఉంటుందమ్మా, అన్ని రోజులు జ్వరం కదా. పెద్దావిడే నెమ్మదిగా ఉందంటున్నారు. వాళ్లకు తెలుస్తుంది" అంది. దయగానే అంది. ఆమెను తప్పు పట్టడానికి నేను చాలా రోజులు ప్రయత్నించాను. అడిగింది, జవాబు తీసుకుంది, వెళ్లింది. వార్డు నిండా ఏడ్చే పిల్లలున్నారు. ఏడవని పిల్ల దగ్గర ఎవరు ఆగుతారు?

కీర్తన చేతులు చల్లగా తగిలాయి. అత్తకు చెప్పాను. "ఫ్యాను గాలికి సల్లవడ్డది" అని ఆమె ఇంటి నుంచి తెచ్చిన చద్దరు కప్పింది. చేతులు లోపలికి పెట్టి, పాదాల కింద నుంచి మడిచి, గాలి దూరకుండా సర్దింది. ఎంత ప్రేమగా కప్పిందో నా కళ్ల ముందు ఉంది. ఆ తర్వాత వచ్చి చూసినవాళ్లందరికీ కనిపించింది వెచ్చగా పడుకున్న పిల్ల ముఖం మాత్రమే.

వరండాలోకి వచ్చి మా ఆయనకు మళ్లీ ఫోన్ చేశాను. ఆయన బండి మీద ఉన్నాడు.

"జ్వరం పోయిందంటివి గదనే. మల్ల ఏంది పరేషాన్?"

"ఏమో. నాకు మంచిగనిపిస్తలేదు."

"అమ్మ ఏమంటున్నది?"

"నిమ్మలంగుందంటున్నది."

"మరింకేంది. నువ్వు జర తిను, నీకే కండ్లు తిరిగేటట్టున్నయి."

ఫోన్ పెట్టేశాను. అప్పటికి ఆ పిల్ల గురించి సిస్టరూ మా ఆయనా ఇద్దరూ మా అత్త మాట మీద నిలబడి ఉన్నారు. మా అత్త తథాస్తు దేవతల మీద నిలబడి ఉంది. నేనొక్కదాన్నే నేల మీద ఉన్నాను, నా మాట ఎవరికీ ఆనడం లేదు.

సిస్టర్ మళ్లీ వచ్చింది. మళ్లీ అదే అడిగింది, మా అత్త అదే చెప్పింది. ఆ తర్వాత వచ్చినప్పుడు అడగను కూడా అడగలేదు. "నెమ్మదిగానే ఉంది కదండీ" అని తనే అనేసి ముందుకు వెళ్లింది.

మధ్యాహ్నం తర్వాత షాహీన్ ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకుని తిరిగొచ్చింది. వస్తూ వస్తూ ఎప్పటిలాగే మా చద్దరు కింద చేయి పెట్టింది. కీర్తన తన్నలేదు. షాహీన్ చేయి అక్కడే ఆగిపోయింది. రెండో చేయి కూడా లోపలికి పెట్టి పాదాలు రెండూ పట్టుకుని చూసింది.

"సుజాతా, ఇవి గిట్లెప్పటి సంది ఉన్నయి?"

"పొద్దుగాల్ల సంది."

"మూత్రం పోసిందా?"

నేను ఆలోచించాను. గుర్తు రాలేదు. పొద్దున్నుంచి పోయలేదు.

ఆమె మా అత్త వైపు తిరిగింది. "అమ్మా, మీ పోరి మంచిగ లేదు" అంది.

మా అత్త ఆమె నోరు మూయడానికి చేయెత్తింది. నిజంగానే ఎత్తింది. షాహీన్ ఆ చేయి పక్కకు తోసి, బురఖా కాళ్లకు అడ్డం పడుతుంటే ఎత్తి పట్టుకుని పరుగెత్తి, సిస్టర్‌ను జబ్బ పట్టి లాక్కొచ్చింది. ఆ సిస్టర్ చద్దరు తీసి చేయి పట్టుకుంది. ఆమె ముఖం చూశాను. ఇంకేమీ చూడనక్కర లేకపోయింది.

ఆ తర్వాత అన్నీ ఒకేసారి జరిగాయి. డాక్టరు పరుగున వచ్చాడు. బీపీ దొరకడం లేదన్నారు. ఇంకో సెలైన్, ఇంకో సూది. పొద్దున రేపు పంపిద్దాం అన్న మనిషే, ఇక్కడ కాదు, పట్నం తీసుకుపోవాలి, ఇప్పుడే అన్నాడు. అంబులెన్స్ ఎక్కాం. గగన్‌పహాడ్ దగ్గర లారీలు, ఆరాంఘర్ దగ్గర జామ్. సైరన్ మోగుతూనే ఉంది, ముందున్న బండి కదలదు. లోపల మా అత్త బిడ్డ కాళ్లు రుద్దుతూ "నిమ్మలంగుంది, నిమ్మలంగుంది, నా తల్లి నిమ్మలంగుంది" అని జపం చేసినట్టు అంటూనే ఉంది. ఎవరూ అడగలేదు. అడగకపోయినా అంటోంది.

"నోరు మూయ్ అత్తా" అన్నాను నేను. పెళ్లైనప్పటి నుంచి ఆమెను ఒక్క మాట అని ఎరగను.

ఆమె నోరు మూసుకుంది. ఆ మాట ఆమె నోట మళ్లీ ఇంతవరకు రాలేదు.

పట్నంలో

పెద్ద దవాఖాన బయట హాలులో మాలాంటివాళ్లు నేల నిండా ఉన్నారు. ఎవరి చాప వారిది, ఎవరి సంచి వారిది. లోపలి నుంచి తలుపు తెరుచుకుని పిల్ల పేరు పిలిస్తే హాలు మొత్తం లేచి నిలబడేది. తమ పేరు కాదని తెలిశాక కూర్చునేవాళ్లు. ఆ కూర్చోవడంలో ఒక సిగ్గు ఉండేది, ఆ పిలుపు అందుకున్నవాళ్లకు అది మంచి వార్త కాకపోతే. ఒకామె కొడుకు పోయాడు. కొత్తూరు దగ్గర ఏదో ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. ఆమె ఏడ్చి ఏడ్చి లేచి, పోతూ పోతూ తన చాప, దిండు తెచ్చి నా పక్కన పెట్టింది. "ఉంచుకో అక్కా, నీకు ఇంకా ఉండుడున్నది గద" అంది. ఆ దిండు తడిగా ఉంది. దాని మీదే పడుకున్నాను.

అక్కడ వార్డులో ఒక పద్ధతి చూశాను. సిస్టర్ ప్రతిసారీ పిల్ల గోరు నొక్కి రంగు ఎంతలో తిరిగొస్తుందో చూసేది. ఊపిరి లెక్కపెట్టేది. పాదాలు ముట్టుకునేది. ఆఖరికి తల్లి వైపు తిరిగి అడిగేది. మొదటిసారి నన్ను అడిగినప్పుడు నాకు అర్థం కాలేదు.

"అమ్మా, మీకేమనిపిస్తుంది? పాప ఎప్పట్లా ఉందా?"

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె కంగారుపడి డాక్టరమ్మను పిలిచింది. ఆ డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, నా పక్కన బెంచీ మీద కూర్చుని అంతా విన్నది. విమానం సంగతి కూడా చెప్పాను. నవ్వలేదు.

"డెంగీలో జ్వరం తగ్గిన రోజే అసలు భయం అమ్మా. అప్పుడే రక్తపోటు పడిపోతుంది కొందరు పిల్లలకు. ముందు చేతులు కాళ్లు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది, పిల్ల చిరాకు పడుతుంది లేకపోతే మరీ నిశ్శబ్దం అయిపోతుంది. మీరు చూసింది అదే" అంది.

"మరి నేను చెప్పిన గదా."

 "చెప్పారు" అంది ఆమె.

నేను కావాలనుకున్న మాట అదే. దొరికాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

మా ఆయన, నేను ఆ రోజుల్లో సరిగా మాట్లాడుకోలేదు. ఒక సాయంత్రం క్యాంటీన్ దగ్గర ఆయన నోరు జారాడు. "నువ్వు పక్కకే ఉంటివి గదా సుజాతా" అన్నాడు. చేతిలోని చాయ గ్లాసు ఆయన మీద పొయ్యాలన్నంత కోపం వచ్చింది. "నీకు ఫోన్ జేసిన. నువ్వు మీ అమ్మ ఏమంటున్నది అని అడిగినవ్. నన్ను అడగలే" అన్నాను. ఆయన అక్కడే మెట్ల మీద కూర్చుని, పదిమందీ చూస్తుండగా చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. నా దగ్గర ఓదార్పు మిగల్లేదు. మా అత్త దూరంగా గోడకు ఆనుకుని మమ్మల్ని చూస్తూ నిలబడింది, దగ్గరికి రాలేదు.

తన కూతురు కోలుకుని ఇంటికి చేరాక కూడా షాహీన్ రెండు బస్సులు మారి మా కోసం వచ్చేది. కిచిడీ తెచ్చేది. ముందు మా అత్తకు పెట్టేది. చేయెత్తిన మనిషికి పెట్టేది. మా అత్త తల వంచుకుని తినేది.

ఒకరోజు డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. బతుకుతుంది. కానీ మెదడుకు చాలాసేపు రక్తం సరిగా అందలేదు. ఏది తిరిగొస్తుందో, ఏది రాదో ఇప్పుడే చెప్పలేం. మా ఆయన థ్యాంక్స్ మేడమ్ అన్నాడు. బతుకుతుంది అన్న మాట ఒక్కటే ఆయనకు వినబడింది. మిగతాది నాకు వినబడింది.

బతుకమ్మ నాటికి ఇంటికి

బతుకమ్మ పాటలు వాడలో వినబడుతుండగా బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాం. కీర్తన కూర్చోలేదు. మాట లేదు. మింగడం మళ్లీ నేర్పాలి. చేతులు మోచేతుల దగ్గర మడుచుకుని బిగుసుకుని ఉండేవి. కళ్లు మాత్రం దేన్నో వెతుకుతున్నట్టు తిరిగేవి, ఎక్కడ ఆగుతాయో తెలిసేది కాదు. సిస్టర్‌ను కొరికిన పళ్ల మధ్య ఇప్పుడు చెంచాతో జావ పోయాలి.

మర్నాడు వాడ ఆడవాళ్లు చూడడానికి వచ్చారు. పూల పళ్లాలు అరుగు మీద పెట్టి లోపలికి వచ్చారు. "ఎట్లుంది మల్లమ్మా, మనవరాలు?" అని అడిగింది ఒక ముసలామె. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నా చేయి ఆగిపోయింది. ఇగ ఇప్పుడు అంటుంది, నిమ్మలంగుంది అంటుంది, అంటే నేనేం చేస్తానో నాకే తెలియదు అనుకున్నాను.

"మంచిగ లేదు" అంది మా అత్త.

వాళ్లు బిత్తరపోయారు. "గట్ల అనకే, తప్పు" అంది ఇంకొకామె.

"మంచిగ లేదు. మాట లేదు, నడక లేదు. మంచిగ లేదు."

వాళ్లు ఎక్కువసేపు కూర్చోలేదు. పూల పళ్లాలు తీసుకుని వెళ్లిపోయారు.

అప్పటి నుంచి అంతే. పెళ్లిళ్లలో, బస్టాండులో, కూరగాయల బండి దగ్గర, ఎవరడిగినా అదే జవాబు. ఎవరినీ నొప్పించాలని అనదు. లెక్క సరిచేస్తున్నట్టు అంటుంది. అడగడం మానేశారు మనుషులు. మమ్మల్ని చూసి దారి మార్చేవాళ్లు కూడా ఉన్నారు. నేను బడి మానేశాను. వారానికోసారి బడంగ్‌పేట్‌లో ఉన్న ఫిజియోథెరపీ ఆమె దగ్గరికి ఆటోలో తీసుకుపోతాం. చేతులు సాగదీయాలి, రోజూ చేయాలి, మానకూడదు అని ఆమె చెబుతుంది. ఎంతవరకు కోలుకుంటుంది అని అడిగితే చూద్దామమ్మా అంటుంది. ఆ చూద్దాం అన్న మాట వెనక ఏముందో ఇప్పుడు నాకు వినడం వచ్చు.

తర్వాతి ఎండాకాలంలో శంషాబాద్ బజారులో ఆ బెజవాడ సిస్టర్ ఎదురుపడింది. నన్ను చూసి పారిపోతుందనుకున్నాను. రాలేక రాలేక దగ్గరికొచ్చి, పాప గురించి అడిగి, ఏడ్చింది. "ఇప్పుడు చద్దరు తీసి చూడకుండా ఏ మంచం దాటనమ్మా. తల్లినే అడుగుతాను" అంది. మంచిది అన్నాను. మంచిదే కదా. ఎవరో పిల్ల లేచి పరుగెడుతూ ఇంటికి పోయి ఉంటుంది, ఆమె అలా చూడబట్టి. చేతులు కాలింది మావి, ఆకులు దొరికింది ఇంకొకరికి. అది తలచుకుని సంతోషపడేంత పెద్ద మనసు నాకు లేదు. ఉన్నట్టు నటించను.

కానీ చెప్పాల్సింది చెబుతాను. జ్వరం పోయిందని మురిసిపోకండి. చద్దరు తీసి పాదాలు ముట్టుకోండి. మూత్రం ఎప్పుడు పోసిందో గుర్తుపెట్టుకోండి. అల్లరి పిల్ల బుద్ధిమంతురాలైందంటే నవ్వకండి. నా బిడ్డ ఎప్పటిలా లేదు అని మీకు అనిపిస్తే ఆ మాటే అనండి, ఎంత పిచ్చిగా వినిపించినా సరే. నవ్వితే నవ్వనివ్వండి. అత్త కోపం చేసుకుంటే చేసుకోనివ్వండి. డాక్టరు వచ్చి చెయ్యి పెట్టి చూసేదాకా కూర్చోకండి. అమంగళం పలకొద్దంటే, పలకండి. దేవతలకు మన మాట వినే తీరిక ఉంటే మా అత్త మాట వినేవాళ్లే కదా. రోజంతా నిమ్మలం నిమ్మలం అంటూనే ఉంది.

2014

తెలంగాణ వచ్చిన ఏడు. వానలు మొదలయ్యాయి. కీర్తనకు ఏడేళ్లు. దాని ఈడు పిల్లలు మా గల్లీలో నుంచే బడికి పోతుంటారు, ఆ వేళకు నేను లోపలి పని పెట్టుకుంటాను.

మా అత్త మీద నాకు కోపం పోయిందా అని షాహీన్ ఒకసారి అడిగింది. పోలేదు. ఒకే చెంచాతో ఇద్దరం బిడ్డకు తినిపిస్తాం, ఒకే దుప్పటి ఉతుకుతాం, కోపం దాని చోట అది ఉంటుంది. కానీ ఈ మధ్య నాకు ఒక పాడు కోరిక పుడుతోంది. ఎవరైనా వచ్చి ఎట్లుంది అని అడగాలి. మా అత్త ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నిమ్మలంగుంది అనాలి. అబద్ధమని నాకు తెలుసు, అయినా ఆ మాట చెవిన పడాలి. ఆ మాటను ఆమె నోట్లో నుంచి పీకేసింది నేనే. మళ్లీ అనమని ఏ ముఖంతో అడుగుతాను?

మొన్న కొత్తగా కిరాయికి దిగిన ఆమె, ఏమీ తెలియని మనిషి, పాలకు పోతూ మా అరుగు దగ్గర ఆగింది. మా అత్త గోడకు ఆనుకుని కూర్చుని, కీర్తనను ఒళ్లో పడుకోబెట్టుకుని ఉంది.

"పాపకు ఏమైందమ్మా? ఎలా ఉంది?" అంది ఆమె.

నేను తలుపు వెనక నిలబడ్డాను. మా అత్త జవాబు చెప్పేలోపు విమానం వచ్చింది. ఆమె కీర్తన చేతులు రెండూ పట్టుకుంది. బిగుసుకున్న మోచేతులను మెల్లగా సాగదీసి, వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ఆ అరచేతులను తన రెండు చెవుల మీద పెట్టుకుంది. మీద నుంచి తన చేతులతో అదిమింది. ఫిజియోథెరపీ ఆమె చెప్పిన లెక్క కంటే ఎక్కువసార్లే అవుతుంది రోజుకు, మా ఇంటి మీద విమానాలకు కొదవ లేదు.

విమానం పోయింది. చప్పుడంతా పోయేదాకా మా అత్త ఆ చేతులు వదల్లేదు. ఆమె వదలగానే అవి వాటంతట అవే మడుచుకుని మళ్లీ ఛాతీ మీదికి చేరాయి.

"మంచిగ లేదు బిడ్డా" అంది మా అత్త.